పైపు మీద ‘లెడ్ ఫ్రీ’ ముద్ర: వేడికి పీవీసీ ఎందుకు మాడుతుంది, ఏ పొడి దాన్ని ఎంతసేపు ఆపుతుంది

క్లుప్తంగా: పీవీసీని పైపుగా మార్చాలంటే 180 డిగ్రీలు దాటి వేడి చేయాలి. ఆ వేడికి అది తనంతట తానే చెడిపోవడం మొదలుపెడుతుంది. దానికి కలిపే స్టెబిలైజర్ అనే పొడి ఆ చెడును పూర్తిగా ఆపలేదు, కొన్ని నిమిషాలు వాయిదా వేస్తుంది. దశాబ్దాల పాటు ఆ పని సీసం లవణాలు చేశాయి, ఇప్పుడు వాటి స్థానంలో కాల్షియం-జింక్ మిశ్రమాలు వస్తున్నాయి. ఈ మార్పుతో ఆరోగ్యానికి మేలు జరుగుతుంది. కానీ కొత్త మిశ్రమం ఇచ్చే గడువు తక్కువ కాబట్టి, మిక్సర్ నుంచి డై (పైపు ఆకారం ఇచ్చే అచ్చు) దాకా పని పద్ధతి మారకపోతే పైపు నాణ్యత దెబ్బతింటుంది.

బోరుకు కేసింగ్ కొనే రైతులు, ఇంటికి ప్లంబింగ్ సామాను తెచ్చుకునేవాళ్లు కొన్నేళ్లుగా పైపుల మీద ‘లెడ్ ఫ్రీ’ అనే ముద్ర చూస్తున్నారు. దాంతో సహజంగానే ఒక అనుమానం వస్తోంది. ఇన్నాళ్లూ ప్లాస్టిక్ పైపులో సీసం ఎందుకుంది? ఎవరైనా కల్తీ చేశారా?

కల్తీ కాదు. సీసం లవణాలు పీవీసీ తయారీ సూత్రంలో మొదటి నుంచీ ఉన్న భాగం. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ విషయంలో ప్రమాణాలు నిర్ణయించాలని కేంద్రాన్ని ఆదేశించింది. 2021లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ పీవీసీ పైపులు, ఫిటింగుల్లో సీసం స్టెబిలైజర్‌పై ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. నంద్యాల, సూర్యాపేట వంటి చోట్ల పైపుల తయారీ పెద్ద పరిశ్రమగా ఎదిగింది కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో ఈ మార్పు కొనేవారితో పాటు తయారు చేసేవారికీ సంబంధించినదే. సీసాన్ని ఎందుకు వాడారో, తీసేస్తే ఏం జరుగుతుందో తెలియాలంటే ముందు పీవీసీ స్వభావం తెలియాలి.

కరగకముందే చెడిపోయే పదార్థం

పాలిథిన్, పాలీప్రొపిలీన్ వేడి చేస్తే కరుగుతాయి, చల్లారిస్తే గట్టిపడతాయి. పీవీసీ అలా కాదు. సుమారు 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. కానీ దాని రేణువులు పూర్తిగా విడిపోయి ఒకదానిలో ఒకటి కలిసిపోవడానికి 180 నుంచి 195 డిగ్రీలు కావాలి. అసలు చిక్కు ఏమిటంటే, 100 డిగ్రీలు దాటినప్పటి నుంచే అది మెల్లగా విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. 160-170 దాటాక ఆ వేగం బాగా పెరుగుతుంది. పని జరగాల్సిన ఉష్ణోగ్రత కన్నా చెడిపోయే ఉష్ణోగ్రత తక్కువ. పీవీసీని 1872లోనే ప్రయోగశాలలో గుర్తించినా 1920ల చివరిదాకా పనికొచ్చే వస్తువు కాలేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

పీవీసీ బరువులో 57 శాతం దాకా క్లోరినే. పీవీసీ అణువు కార్బన్ పరమాణువుల పొడవాటి గొలుసు. ఆ గొలుసులో ప్రతి రెండో కార్బన్‌కు ఒక క్లోరిన్ పరమాణువు అతుక్కుని ఉంటుంది. అన్నీ సరైన చోట ఉంటే పెద్ద ఇబ్బంది లేదు. కానీ రెజిన్ (ముడి పీవీసీ పొడి) తయారయ్యేటప్పుడే గొలుసులో కొన్ని లోపాలు చోటు చేసుకుంటాయి. గొలుసు కొమ్మగా చీలిన చోట ఉన్న క్లోరిన్, ద్విబంధం పక్కన ఉన్న క్లోరిన్ గట్టిగా పట్టుకుని ఉండవు. వేడి తగలగానే ముందు అవే ఊడతాయి. పక్క కార్బన్ మీది హైడ్రోజన్‌ను తోడు తీసుకుని హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఆమ్ల వాయువుగా బయటికి పోతాయి. అవి పోయిన చోట కొత్త ద్విబంధం ఏర్పడుతుంది. ఆ ద్విబంధం పక్కనున్న క్లోరిన్ పట్టు ఇప్పుడు సడలుతుంది, తర్వాత అది ఊడుతుంది. బియ్యం బస్తా గొలుసుకుట్టులో సరైన కొస దొరికితే కుట్టంతా జర్రున ఊడివచ్చినట్టే ఇదీ.

ఇలా ఒకటి విడిచి ఒకటిగా ద్విబంధాలు వరుసగా ఆరేడు చేరాయంటే ఆ భాగం కంటికి కనిపించే వెలుతురును పీల్చుకోవడం మొదలుపెడుతుంది. ముందు లేత పసుపు, తర్వాత నారింజ, ఎరుపు, గోధుమ, చివరికి నలుపు. క్లోరిన్‌లో వెయ్యో వంతు పోయినా రంగు తేడా తెలిసిపోతుంది. అందుకే పైపు బలం తగ్గకముందే రంగు మారుతుంది. పసుపు చారను ఆపరేటర్ హెచ్చరికగా తీసుకోవాల్సింది ఇందుకే.

మరో ఇబ్బంది, బయటికి వచ్చిన హైడ్రోజన్ క్లోరైడ్ ఊరుకోదు. మిగతా గొలుసుల్లో అదే చర్యను తానే వేగవంతం చేస్తుంది. అంటే చెడు చెడును పెంచుతుంది. దీనికి తోడు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే విచ్ఛిన్నం వేగం దాదాపు రెట్టింపవుతుంది. 185 దగ్గర నెట్టుకొచ్చిన మాల్ (యంత్రంలో నడిచే పీవీసీ మిశ్రమం) 205 దగ్గర నాలుగు రెట్ల వేగంతో పాడవుతుంది. కంట్రోలర్ మీద అంకె మారకపోయినా, మాల్‌ను ముందుకు తోసే స్క్రూ వేగం పెంచితే రాపిడి వల్ల లోపలి మాల్ ఇంత వేడెక్కడం అరుదేమీ కాదు.

స్టెబిలైజర్ ఏం చేస్తుంది?

మంచి స్టెబిలైజర్ రెండు పనులు చేయాలి. ఊడిన హైడ్రోజన్ క్లోరైడ్‌ను వెంటనే పట్టి బంధించడం ఒకటి. పట్టు సడలిన క్లోరిన్‌ను ముందే తొలగించి, దాని చోట వేడికి తట్టుకునే మరో గుంపును కూర్చోబెట్టడం రెండోది. మొదటిది చెడు వ్యాపించకుండా అడ్డుకుంటే రెండోది చెడు మొదలయ్యే చోటనే కట్టు వేస్తుంది. లోహపు సబ్బులు (స్టియరేట్ల వంటి కొవ్వు ఆమ్లాల లోహ లవణాలు) ఈ రెండో పని చేస్తాయన్న వివరణను 1959లో ఫ్రై, హోర్స్ట్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. ఈ రంగంలో ఇప్పటికీ ఆలోచనంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇక్కడ ఒక లెక్క చూస్తే విషయం స్పష్టమవుతుంది. 100 కిలోల పీవీసీ నుంచి క్లోరినంతా ఊడిపోతే సుమారు 58 కిలోల హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. పరిశ్రమలో టీబీఎల్ఎస్ అని పిలిచే ట్రైబేసిక్ లెడ్ సల్ఫేట్ ఒక కిలో, రసాయన లెక్క ప్రకారం 220 గ్రాముల వరకే ఆ వాయువును బంధించగలదు. అంటే 100 కిలోలకు ఒక కిలో కలిపితే, వెలువడగల ఆమ్లంలో నూటికి అర వంతుకు కూడా అది సరిపోదు. స్టెబిలైజర్ ఖర్చయిపోయే సరుకు. మిక్సర్‌లో కొంత, స్క్రూ తిరిగే వేడి గొట్టమైన బ్యారెల్‌లో కొంత, డైలో కొంత ఖర్చవుతుంది. పైపు బయటికి వచ్చేసరికి ఇంకా కొంత మిగిలి ఉండేలా మోతాదు వేస్తారు. తిరగవేత మాల్ (పొడి చేసి మళ్లీ యంత్రంలో వేసే పైపు ముక్కలు) మళ్లీ అదే ప్రయాణం చేయాలి కాబట్టి ఆ మిగులు అవసరం.

మోతాదును పీహెచ్ఆర్ లెక్కన చెబుతారు. వంద పాళ్ల రెజిన్‌కు ఎన్ని పాళ్లు అన్నది దాని అర్థం. మొత్తం మిశ్రమంలో శాతం కాదు. కొత్తగా పనిలో చేరినవాళ్లు ఈ రెంటినీ కలిపేసి తూకం తప్పడం తరచూ జరిగేదే.

సీసం ఎందుకు అంతగా పాతుకుపోయింది?

సీసం ధర తక్కువ అన్నది సగం కారణమే. అసలు బలం రసాయనంలో ఉంది. టీబీఎల్ఎస్, డైబేసిక్ లెడ్ స్టియరేట్ వంటివి ఆమ్లాన్ని పట్టాక లెడ్ క్లోరైడ్‌గా మారతాయి. ఈ లెడ్ క్లోరైడ్ పీవీసీని రెచ్చగొట్టదు. దాని మానాన అది ఉంటుంది. అందువల్ల సీసం ఖర్చవుతున్న కొద్దీ రంగు మెల్లగా, ఊహించగలిగేలా మారుతుంది. ఆపరేటర్‌కు సర్దుకోవడానికి సమయం ఉంటుంది. పైగా లెడ్ క్లోరైడ్ నీటిని పీల్చదు, విద్యుత్తును ప్రసరింపజేయదు. కేబుల్ పరిశ్రమ సీసాన్ని చాలాకాలం వదలకపోవడానికి కారణం ఈ చివరి గుణమే.

ఇంకో ఉపకారం కూడా ఉంది, కానీ ఇది బయటికి అంతగా కనబడదు. లెడ్ స్టియరేట్లు స్టెబిలైజర్‌గానే కాక లూబ్రికెంట్‌గానూ పనిచేస్తాయి. మాల్ లోహానికి అంటుకోకుండా, రేణువుల మధ్య రాపిడి మితంగా ఉండేలా చూస్తాయి. సీసం తీసేసినప్పుడు ఈ రెండో పని కూడా పోతుంది. మార్పిడి మొదట్లో చాలా కర్మాగారాలు తడబడేది ఇక్కడే.

నష్టం సంగతికి వస్తే, టీబీఎల్ఎస్ బరువులో 83 శాతం సీసమే. పైపు గోడలో అధిక భాగం ప్లాస్టిక్‌లో చిక్కుకుని ఉన్నా, లోపలి ఉపరితలం మీద ఉన్నది కొత్త పైపులో నీటిలోకి దిగుతుంది. మొదటి రోజుల్లో ఎక్కువగా, తర్వాత తక్కువగా దిగుతుంది. నీటిలో ఆమ్ల గుణం ఉంటే, నీరు పైపులో రాత్రంతా నిలిచి ఉంటే ఇంకా ఎక్కువ. భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో సీసం 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. ఏ మోతాదు వరకు సీసం హాని చేయదో చెప్పగల సురక్షిత హద్దు లేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పిల్లల మెదడు ఎదుగుదల మీద దాని దెబ్బ తిరిగి సరిదిద్దలేనిది.

నీళ్ల గురించి చర్చ జరుగుతుంటుంది గానీ, అంతకన్నా దగ్గరగా ప్రమాదంలో ఉన్నది మిక్సర్ దగ్గర బస్తా విప్పి పొడి పోసే కార్మికుడు. తెల్లగా, మెత్తగా ఉండే ఆ ధూళి ఊపిరితో, చేతులు కడుక్కోకుండా తినే అన్నంతో ఒంట్లోకి చేరుతుంది. స్టెబిలైజర్, లూబ్రికెంట్ అన్నీ ఒకే పలుకులో అతికించిన వన్‌ప్యాక్‌లు వచ్చాక ధూళి తగ్గింది, పూర్తిగా పోలేదు.

జింక్ మాడు: కొత్త మిశ్రమంలోని అసలు చిక్కు

కాల్షియం-జింక్‌లో పని రెండు లోహాల మధ్య పంచుకుని ఉంటుంది. జింక్ స్టియరేట్ చురుకైనది. సడలిన క్లోరిన్‌ను వెంటనే తొలగించి ఆ చోట స్టియరేట్‌ను కూర్చోబెడుతుంది. అందువల్ల మొదటి నిమిషాల్లో మాల్ తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. కానీ ఈ క్రమంలో జింక్ క్లోరైడ్ తయారవుతుంది. ఇది లెడ్ క్లోరైడ్‌లా ఊరుకునే రకం కాదు. పీవీసీ నుంచి క్లోరిన్ ఊడగొట్టడంలో హైడ్రోజన్ క్లోరైడ్‌ను మించిన ఉత్ప్రేరకం. అది ఒక మోతాదు దాటి పోగుపడితే తెల్లగా ఉన్న మాల్ మధ్యలో పసుపు, గోధుమ దశలేవీ లేకుండా ఒక్కసారిగా నల్లబడుతుంది. దీన్నే జింక్ మాడు అంటారు.

కాల్షియం స్టియరేట్ ఉన్నది దీన్ని ఆపడానికే. అది జింక్ క్లోరైడ్ నుంచి క్లోరిన్‌ను తాను తీసుకుని, తన స్టియరేట్‌ను జింక్‌కు ఇస్తుంది. జింక్ మళ్లీ పనిలోకి వస్తుంది, కాల్షియం క్లోరైడ్ మిగులుతుంది. కాల్షియం క్లోరైడ్ పీవీసీకి హాని చేయదు. ఈ మార్పిడి జరుగుతున్నంతసేపూ అంతా సవ్యంగానే ఉంటుంది. కాల్షియం అయిపోగానే జింక్ మాడు మొదలవుతుంది.

కాబట్టి నిష్పత్తే ప్రధానం. జింక్ ఎక్కువైతే మొదటి రంగు బాగుంటుంది, గడువు తగ్గుతుంది. కాల్షియం ఎక్కువైతే గడువు పెరుగుతుంది, కానీ మొదటి నుంచే ఎర్రటి పసుపు జీర కనిపిస్తుంది. రెండూ కావాలంటే సహాయకాలు కలపాలి. హైడ్రోటాల్సైట్ అనే పొరల ఖనిజం ఆమ్లాన్ని తన పొరల మధ్య దాచుకుంటుంది. డైపెంటాఎరిథ్రిటాల్ వంటివి జింక్ క్లోరైడ్‌ను పట్టుకుని దాని పళ్లు ఊడగొడతాయి. బీటా డైకీటోన్లు అతి తక్కువ మోతాదులోనే, అంటే 0.1 నుంచి 0.3 పాళ్లలోనే మొదటి రంగును మెరుగుపరుస్తాయి. ఎపాక్సీ చేసిన సోయా నూనె మెత్తని పీవీసీలో బాగా పనికొస్తుంది. గట్టి పైపులో ఎక్కువ వేస్తే పైపు వేడికి మెత్తబడే ఉష్ణోగ్రత పడిపోతుంది.

మోతాదు ఎందుకు పెరుగుతుందో కూడా పై లెక్కే చెబుతుంది. కిలో టీబీఎల్ఎస్ 220 గ్రాముల ఆమ్లాన్ని పట్టగా, కిలో జింక్ స్టియరేట్ పట్టేది 115 గ్రాములు, కాల్షియం స్టియరేట్ 120 గ్రాములు. ఆ లోటు పూడ్చడానికే ఖనిజాలు చేర్చేది. గట్టి పైపులకు కాల్షియం-జింక్ వన్‌ప్యాక్ సుమారు రెండున్నర నుంచి మూడున్నర పాళ్లు పడుతుంది. ఖర్చు తగ్గించాలని సీసం కాలం నాటి మోతాదే కొనసాగిస్తే, ఉదయం షిఫ్టులో పైపు బాగానే వస్తుంది. డైలో మూల పట్టిన మాల్ మధ్యాహ్నానికి నల్ల చుక్కలుగా బయటపడుతుంది.

తగరం ఈ రెంటికీ భిన్నం. ఆర్గానోటిన్ మెర్కాప్టైడ్లు (గంధకం ఉన్న తగరం సమ్మేళనాలు) ఆమ్లాన్ని పట్టడంలోనూ, క్లోరిన్‌ను మార్చడంలోనూ సమర్థమైనవి. అమెరికాలో పైపులకు ఇవే వాడుక, మోతాదు అర పాలు లోపే చాలు. అద్దంలా పారదర్శకంగా ఉండాల్సిన షీట్లకు, వేడినీళ్ల సీపీవీసీ (క్లోరిన్ ఇంకా చేర్చిన పీవీసీ) పైపులకు ఇవే ఎక్కువ నప్పుతాయి. సీపీవీసీలో క్లోరిన్ 63 నుంచి 67 శాతం ఉంటుంది, నడిపే వేడి కూడా ఎక్కువ. ధర, గంధకం వాసన వీటి లోపాలు. సీసం ఉన్న మాల్‌తో తగరం మెర్కాప్టైడ్ మాల్ కలిస్తే గంధకం సీసంతో చేరి నల్లటి లెడ్ సల్ఫైడ్ అవుతుంది. ఒక రకం నుంచి మరోదానికి మారేటప్పుడు మిక్సర్, హాపర్, బ్యారెల్ పూర్తిగా శుభ్రం చేయాల్సింది అందుకే.

మిక్సర్ దగ్గరే సగం ఫలితం తేలిపోతుంది

స్టెబిలైజర్ ఎంత మంచిదైనా ప్రతి రెజిన్ రేణువుకూ అందకపోతే ప్రయోజనం లేదు. పైపులకు సాధారణంగా వాడే కే-67 రెజిన్‌ను (ఈ అంకె గొలుసు పొడవును సూచిస్తుంది) హైస్పీడ్ మిక్సర్‌లో వేసి తిప్పితే రాపిడికే వేడెక్కుతుంది. 60 డిగ్రీల ప్రాంతంలో స్టెబిలైజర్ వన్‌ప్యాక్ వేస్తారు. అందులోని మైనాలు, స్టియరేట్లు కరిగి రేణువుల మీద పూతగా పరుచుకుంటాయి. కాల్షియం కార్బొనేట్, టైటానియం డయాక్సైడ్ 90 దాటాక వేయడం మేలు. ముందే వేస్తే అవి స్టెబిలైజర్‌ను, లూబ్రికెంట్‌ను తమ ఉపరితలానికి పీల్చుకుంటాయి, మిక్సర్ గోడలను కూడా గీస్తాయి. 115 నుంచి 120 డిగ్రీల దగ్గర మాల్‌ను కూలర్‌లోకి దించాలి. వంద డిగ్రీలు దాటించేది తేమ పోవడానికి.

కూలర్‌లో 45 డిగ్రీలకు తగ్గాకే బయటికి తీయాలి. చాలాచోట్ల ఉత్పత్తి తొందరలో 60 దగ్గరే సైలోకి (నిల్వ తొట్టి) పంపేస్తారు. పెద్ద కుప్పలో మధ్య భాగం గంటల తరబడి చల్లారదు. గడ్డలు కడుతుంది. పైన ఆవిరి తేమగా మారి రాలుతుంది. కాల్షియం-జింక్ ప్యాక్ స్వతహాగానే తేమను లాగే రకం కాబట్టి వానాకాలంలో విప్పిన బస్తాను మూతి కట్టకుండా వదిలేయడం కూడా ఇంతే చెరుపు. ఆ తేమ పైపులో బుడగలుగా, గోడ మీద గరుకుగా తేలుతుంది.

బ్యారెల్‌లో వేడి అమరిక బయటివారికి వింతగా కనిపిస్తుంది. కోనికల్ ట్విన్ స్క్రూ (కొస సన్నబడే జంట స్క్రూల) యంత్రంలో మొదటి జోన్లు 180-190 దగ్గర, చివరి జోన్ 165-175 దగ్గర ఉంచుతారు. ముందు ఎక్కువ, చివర తక్కువ. పొడికి వేడి అందించాల్సింది మొదట్లో. చివరి జోన్‌కు వచ్చేసరికి స్క్రూ రాపిడే మాల్‌ను వేడెక్కిస్తుంది, అక్కడ హీటర్ కన్నా కూలింగ్ ఫ్యాన్ పనే ఎక్కువ. డై దగ్గర మళ్లీ 180-195కు పెంచుతారు, పైపు ఉపరితలం నునుపుగా రావడానికి.

లోపల ఏం జరుగుతోందో తెలుసుకునే మంచి కిటికీ వాక్యూమ్ వెంట్, అంటే తేమను, వాయువులను లాగేసే బ్యారెల్ రంధ్రం. అక్కడ తొంగి చూస్తే మాల్ స్క్రూ గాడుల్లో అటుకుల ముద్దలా, సగం అతుక్కుని సగం పొడిపొడిగా ఉండాలి. ఇంకా పిండిలాగే ఉంటే వాక్యూమ్ పొడిని లాగేసి వెంట్ మూసుకుపోతుంది. అప్పటికే రబ్బరు ముద్దయితే తేమ, వాయువులు బయటికి రావు. సీసం నుంచి కాల్షియం-జింక్‌కు మారినప్పుడు లూబ్రికేషన్ తేడా వల్ల మాల్ ముద్దయ్యే చోటు ముందుకో వెనక్కో జరుగుతుంది. ముందుగా ముద్దయితే మోటారు కరెంటు పెరుగుతుంది, మాల్ వేడెక్కుతుంది, స్టెబిలైజర్ త్వరగా ఖర్చవుతుంది. ఆలస్యమైతే పైపు చూడ్డానికి బాగానే ఉన్నా లోపల సరిగా అతుక్కోదు, రేపు వాల్వు మూసినప్పుడు వచ్చే నీటి దెబ్బకు పగులుతుంది. మొదటిదానికి బయటి లూబ్రికెంట్ 0.1 పాలు పెంచి చూడాలి, రెండోదానికి తగ్గించి చూడాలి. ఒకేసారి రెండు మూడు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తేలదు.

లూబ్రికెంట్ ఎక్కువైతే, లేదా ప్యాక్‌లోని పదార్థాలు పీవీసీతో పొసగకపోతే సైజింగ్ స్లీవ్ (పైపు కొలతను నిలిపే గొట్టం) లోపలా డై పెదవి మీదా తెల్లటి పొర పేరుకుంటుంది. ప్లేట్ అవుట్ అంటారు. పైపు మీద పొడవునా గీతలు పడుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

కరెంటు పోతే

సాధారణంగా మాల్ బ్యారెల్, డైలలో ఉండేది మూడు నాలుగు నిమిషాలు. కరెంటు పోయి స్క్రూ ఆగితే అదే మాల్ 190 డిగ్రీల ఇనుము మధ్య కదలకుండా ఉండిపోతుంది. పెద్ద డై చల్లారడానికి గంటలు పడుతుంది. మొదట ఘాటైన వాసన, కళ్ల మంట. తర్వాత డై మూతి దగ్గర పసుపు, గోధుమ. స్పైడర్ కాళ్ల (డై మధ్య భాగాన్ని పట్టి ఉంచే ఊచలు) వెనక మాల్ కదలిక ఎలాగూ మందకొడి, ముందుగా మాడేది అక్కడే. సీసం మాల్ ఈ పరిస్థితిని కొంతసేపు ఓర్చుకునేది. కాల్షియం-జింక్ మాల్ తెల్లగా ఉన్నట్టే ఉండి నల్లబడుతుంది.

జనరేటర్ మీద లైన్ మళ్లీ నడిచే అవకాశం ఉంటే మొదట చేయాల్సింది మాల్‌ను బయటికి తోసేయడం. స్టెబిలైజర్, లూబ్రికెంట్ రెట్టింపు వేసిన పర్జింగ్ మాల్‌ను ఎప్పుడూ ఒక బస్తా సిద్ధంగా ఉంచుకోవాలి. అది నింపి ఆపితే మళ్లీ మొదలుపెట్టేదాకా బ్యారెల్ క్షేమం. తోసేసే వీలు లేకపోతే హీటర్లు ఆపి, ఫ్యాన్లు, నీటి కూలింగ్ నడిపి, డై విప్పి శుభ్రం చేయాలి. మాడిన మాల్ మీద మళ్లీ హీటర్లు వేసి స్క్రూ తిప్పబోవడం అన్నింటికన్నా చెడ్డది. వెలువడే ఆమ్లం క్రోమ్ పూతను తిని, కింది ఉక్కుకు తుప్పు పట్టిస్తుంది. ఆ గరుకు చోట మాల్ మళ్లీ మళ్లీ అంటుకుని ప్రతిసారీ అక్కడే మాడుతుంది. ఇంజక్షన్ మౌల్డింగ్ చేసేచోట మరో జాగ్రత్త కావాలి. ఎసిటాల్ అనే మరో ప్లాస్టిక్ నడిపిన యంత్రంలో పీవీసీ గానీ, పీవీసీ నడిపినదాంట్లో ఎసిటాల్ గానీ పూర్తిగా శుభ్రం చేయకుండా వేయకూడదు. పీవీసీ నుంచి వచ్చే ఆమ్లం ఎసిటాల్‌ను ఒక్కసారిగా విడగొట్టి, వాయువు ఒత్తిడితో నాజిల్ నుంచి మాల్ చిమ్మే ప్రమాదం ఉంది.

కొత్త ప్యాక్ ఎంత గడువిస్తుందో కొలవడానికి పాత, చవకైన పద్ధతి కాంగో రెడ్ పరీక్ష. గాజు గొట్టంలో నమూనా ముక్కలు వేసి 200 డిగ్రీల నూనె స్నానంలో ఉంచి, పైన వేలాడదీసిన కాగితం ఎరుపు నుంచి నీలానికి ఎన్ని నిమిషాల్లో తిరుగుతుందో చూస్తారు. అయితే ఈ పరీక్షలో మాల్ కదలదు, స్క్రూ రాపిడి ఉండదు. ఇక్కడ ముప్పై నిమిషాలు నిలిచిన మాల్ యంత్రంలో అంతసేపు నిలుస్తుందని కాదు. అందుకే టార్క్ రియోమీటర్‌లో (వేడి మాల్‌ను తిప్పుతూ దాని నిరోధాన్ని కొలిచే పరికరం) కూడా తిప్పి చూడాలి. ముద్దయ్యే సమయం, మాడే సమయం రెండూ ఒకే గీత మీద కనబడతాయి.

పాలీప్రొపిలీన్‌ది వేరే జబ్బు

స్టెబిలైజర్ అంటే అన్ని ప్లాస్టిక్‌లకూ ఒకటే మందు అన్న అపోహ ఉంది. కుర్చీలు, బస్తాలు చేసే పాలీప్రొపిలీన్‌లో క్లోరిన్ లేదు. దాని శత్రువు ఆక్సిజన్. వేడికి, రాపిడికి గొలుసు తెగి రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్‌తో చురుకుగా ఉండే ముక్క) పుడుతుంది, అది ఆక్సిజన్‌తో కలిసి పెరాక్సీ రాడికల్ అవుతుంది, పక్క గొలుసు నుంచి హైడ్రోజన్‌ను లాక్కుని హైడ్రోపెరాక్సైడ్‌గా మారుతుంది. అది చీలి మరో రెండు రాడికల్స్ పుడతాయి. ఇక్కడ రెండు మందులు జోడీగా వేస్తారు. ఫినాలిక్ యాంటీ ఆక్సిడెంట్ తన హైడ్రోజన్‌ను ఇచ్చి పెరాక్సీ రాడికల్‌ను శాంతపరుస్తుంది. ఫాస్ఫైట్ హైడ్రోపెరాక్సైడ్‌ను చీలకముందే హాని లేని ఆల్కహాల్‌గా మారుస్తుంది. మోతాదు 0.05 నుంచి 0.2 శాతం. పీవీసీ స్టెబిలైజర్‌తో పోలిస్తే పదో వంతు కన్నా తక్కువే.

రోగలక్షణం కూడా వేరు. పీవీసీ నల్లబడుతుంది. పాలీప్రొపిలీన్ గొలుసులు పొట్టివై పలచబడుతుంది, ఎంఎఫ్ఐ (కరిగిన ప్లాస్టిక్ ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే అంకె) పెరుగుతుంది, వస్తువు పెళుసవుతుంది. ఇళ్ల మీది నీళ్ల ట్యాంకులు చేసే రొటేషనల్ మౌల్డింగ్‌లో పాలిథిన్ పొడి అచ్చులో గాలితో కలిసి చాలాసేపు వేడెక్కుతుంది. యాంటీ ఆక్సిడెంట్ చాలకపోయినా, ఓవెన్‌లో ఎక్కువసేపు ఉంచినా ట్యాంకు లోపలి గోడ పసుపెక్కి, కమురు వాసన వేసి, దెబ్బ తగిలితే పగులుతుంది. ఇక పెట్ బాటిల్‌కు శత్రువు తేమ. దాన్ని కాపాడేది పొడి కన్నా డ్రయ్యర్. 160-170 డిగ్రీల వద్ద నాలుగు నుంచి ఆరు గంటలు ఆరబెట్టి తేమను 50 పీపీఎం (పది లక్షల్లో 50 పాళ్లు) కిందికి తేవాలి.

పాత పైపుల తుక్కు

సీసం వాడకం ఆపినంత మాత్రాన సీసం పోదు. దశాబ్దాలుగా పొలాల్లో, ఇళ్లలో వేసిన పైపులన్నీ నేడో రేపో తుక్కుకు వస్తాయి. ఆ తుక్కును గ్రైండ్ చేసి కొత్త పైపులో కలిపితే, కొత్త స్టెబిలైజర్‌లో సీసం లేకపోయినా పైపులో ఉంటుంది. ముద్ర అబద్ధమవుతుంది.

ఐరోపా ఈ చిక్కును ముందు ఎదుర్కొంది. అక్కడి స్టెబిలైజర్ తయారీదారులు స్వచ్ఛందంగా 2015 చివరికల్లా సీసాన్ని మానేశారు. అయినా తుక్కు సమస్య మిగిలింది. 2023లో తెచ్చిన నియంత్రణ ప్రకారం పీవీసీ వస్తువుల్లో సీసం 0.1 శాతం మించకూడదు. ఇది 2024 నవంబరు 29 నుంచి అమల్లోకి వచ్చింది. తిరగవేత గట్టి పీవీసీతో చేసే కొన్ని నిర్మాణ వస్తువులకు మాత్రం 1.5 శాతం వరకు పదేళ్ల మినహాయింపు ఇచ్చారు, సీసం ఉందని వాటి మీద రాయాలన్న షరతుతో. పాత మాల్‌ను కిటికీ చట్రం లోపలి పొర వంటి చోట, నీరు, చేయి తగలని చోట బంధించేయడం ఆ మినహాయింపు వెనకున్న ఆలోచన.

మన దగ్గర తుక్కు చేతులు మారే తీరు వేరు. చిన్న గ్రైండింగ్ యూనిట్‌కు వచ్చిన పైపు ఏ సంవత్సరానిదో, ఏ స్టెబిలైజర్‌దో చూసి చెప్పడం అసాధ్యం. బూడిద రంగు పైపులన్నీ ఒకేలా ఉంటాయి. చేతిలో పట్టుకుని ఎక్స్‌రేలతో మూలకాలను గుర్తించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ నిమిషం లోపే సీసం ఉన్నదీ లేనిదీ చెబుతుంది. తుక్కు కొనే ప్రతి కర్మాగారానికీ లోడుకు కొన్ని ముక్కలైనా దీంతో చూసుకునే వీలు ఉండాలి. తాగునీటి పైపులకు బయటి తుక్కు అసలు వాడకుండా, అదే లైన్ మీద అదే రోజు పడిన శుభ్రమైన తిరగవేత మాల్‌నే పరిమితంగా కలపడం మరింత నమ్మకమైన దారి. ఆ మాల్ కూడా ఒకసారి వేడి తిన్నదే, దాంట్లో స్టెబిలైజర్ కొంత ఖర్చయిపోయినదే. అందుకని దాన్ని విడిగా గుమ్మరించకుండా తాజా మాల్‌తో సమంగా కలిపి, కలిపిన పాళ్లను బట్టి వన్‌ప్యాక్‌ను కొద్దిగా పెంచుకోవాలి. గోధుమ రంగు తిరిగిన ముక్కలను మాత్రం ఏరి పక్కన పెట్టాల్సిందే. వాటిలో ద్విబంధాల వరుసలు అప్పటికే ఏర్పడ్డాయి, కొత్తగా కలిపే ఏ స్టెబిలైజరూ వాటిని తిరిగి తెల్లగా చేయలేదు.